మూడో పేజీ అక్కయ్య

ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, పొడి రోడ్డు మీద, మంచి వెలుతురులో, ముందుగానీ వెనకగానీ మరో బండి లేని సమయంలో, మూడో పేజీ అక్కయ్య కారు రివర్సు చేస్తూ తన ఆఫీసు బోర్డును తనే గుద్దింది.

ఆ బోర్డు రోడ్డు వారన ఇనప గొట్టం మీద నిలబెట్టినది. దాని మీద "వాహన బీమా - లోపలికి రండి" అని రాసి, కింద ఎర్రరంగుతో ఒక బాణం వేసి ఉంటుంది. అంతవరకు ఆ బాణం అక్కయ్య ఆఫీసు గుమ్మాన్ని చూపించేది. గుద్దిన తరవాత పక్కనున్న కళ్ళజోళ్ళ దుకాణాన్ని చూపించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నంలోగా ఇద్దరు మనుషులు కళ్ళజోళ్ళ దుకాణంలోకి వెళ్ళి కారు బీమా అడిగారు. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు కొనుక్కుని వెళ్ళాడు.

అక్కయ్య కారు దిగింది. చుట్టూ చూడలేదు. చూస్తే ఎవరెవరు చూస్తున్నారో తెలిసిపోతుంది కదా. ముందు సీటు ఎదురుగా ఉండే చిన్న అర మూత తెరిచి, మూత లోపలివైపు అంటించిన కాగితాన్ని నిదానంగా చదువుకుంది. అది ఆమె స్వహస్తాలతో రాసినదే. ఆమె దగ్గర బీమా చేయించుకున్న ప్రతి కారులోనూ అలాంటి కాగితం ఒకటి అదే చోట ఉంటుంది. అందులో నాలుగే మాటలు. ఫోటోలు తీయండి. బండి నంబరు రాసుకోండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నాకు ఫోను చేయండి.

ఆమె ఫోటోలు తీసింది, బోర్డువి మూడు, బంపరువి రెండు. తన బండి నంబరు తనే రాసుకుంది. సంతకం పెట్టమని బోర్డు ఎలాగూ అడగలేదు. నాలుగో మాట దగ్గర కాస్త ఆగింది. తనకు తను ఫోను చేసుకోవడం కుదరదు గనక తమ్ముడికి చేసింది.

"ఒరే, నేను మా బోర్డును గుద్దానురా."

 తమ్ముడు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఆ సమయంలో అతని పక్కన నేర్చుకునేవాళ్ళెవరో స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు.

"ఏ గేరులో?" అన్నాడు తమ్ముడు.

"రివర్సులో."

తమ్ముడు పక్కనున్నవాళ్ళ చేత కారు ఓ వారగా ఆపించాడు.

"అక్కా, నీకు డ్రైవింగు నేర్పింది నేనని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకు."

ఫోను పెట్టేశాక తమ్ముడు తనలో తను నవ్వుకున్నాడు. మనస్ఫూర్తిగా నవ్వుకున్నాడు. పదిహేనేళ్ళుగా అక్క సాధింపు భరిస్తూ వస్తున్నవాడికి ఒక అవకాశం దొరికింది మరి.

ఆ సాధింపు కథ తెలియాలంటే ముందు మూడో పేజీ సంగతి తెలియాలి.

అక్కయ్య మొదట బీమా ఏజెంటు కాదు. బీమా కంపెనీ బ్రాంచి ఆఫీసులో టైపిస్టు. కిటికీ లేని గదిలో, కాలు ఊగే బల్ల ముందు కూర్చుని పదకొండేళ్ళు ఉత్తరాలు కొట్టింది. ఎక్కువగా ఒకటే ఉత్తరం. "మీ క్లెయిమును మంజూరు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము." ఆ వాక్యం ఆమె వేళ్ళకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఒకసారి స్నేహితురాలికి పుట్టినరోజు శుభాకాంక్షలు కొట్టబోయి సగం దాకా చింతించి అప్పుడు చూసుకుంది.

ఒకరోజు ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని ఒకావిడ నేరుగా ఆ గదిలోకే వచ్చింది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి చిన్న వ్యానులో ఇళ్ళకు చేరవేసే మనిషి. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

"అమ్మా, ఇది నువ్వే కొట్టావా?"

"ఔనండీ."

"అయితే నువ్వే చెప్పు. బీమా కట్టింది నేను. కట్టనిది నన్ను గుద్దినవాడు. వాడి దగ్గర చిల్లిగవ్వ లేదట, వాడికి బీమా లేదట. సరే. మరి శిక్ష నాకెందుకు పడింది?"

 అక్కయ్య లేచి వెళ్ళి ఆవిడ దరఖాస్తు బయటికి తీసింది. మొదటి పేజీ, మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి. నింపి ఉంది. రెండో పేజీ, మన బండికి జరిగే నష్టానికి. అదీ నింపి ఉంది. మూడో పేజీ, బీమా లేనివాడు గుద్దినా, గుద్ది పారిపోయినా మన ఒంటికీ మన పనికీ కలిగే నష్టానికి. అది ఖాళీగా ఉంది. అది పుచ్చుకోవడం తప్పనిసరి కాదు. అలాంటి పేజీ ఒకటుందని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పాలంటే పావుగంట పడుతుంది, ఏజెంటుకు వచ్చేది ఏమంత ఉండదు.

ఆ సాయంత్రం అక్కయ్య మిగిలిన ఉత్తరాలన్నీ కొట్టి, యంత్రానికి మూత వేసి, ఇంటికి వెళ్ళింది. నెల తిరక్కుండా ఏజెంటు పరీక్షకు దరఖాస్తు పెట్టింది.

అప్పటినుంచి ఆమె పద్ధతి ఒకటే. మొదటి రెండు పేజీలూ ఆమె నింపుతుంది. మూడో పేజీ దగ్గరికి వచ్చేసరికి కాగితాన్ని అవతలికి తిప్పి, కలం చేతికిచ్చి, "ఇది మీరే రాయాలండీ" అంటుంది. కావాలంటే "కావాలి" అని రాయాలి. వద్దంటే "వద్దు" అని రాసి, ఎందుకు వద్దో కింద ఒక ముక్క రాయాలి. కారణం రాయకపోతే ఆమె దరఖాస్తు పుచ్చుకోదు. కంపెనీ పెట్టిన నియమం కాదిది. ఆమె పెట్టుకున్నది.

వద్దని చెప్పడం తేలికే గానీ ఎందుకు వద్దో రాయాలంటే మనిషి చెయ్యి ఆడదు. సగంమంది అక్కడే కలం ఆపి, తల గోక్కుని, "కావాలి" అని రాసేస్తారు. మిగిలినవాళ్ళ కారణాలు అక్కయ్య ఇనప బీరువాలో భద్రంగా ఉన్నాయి. "నాకెవరితోనూ గొడవలు లేవు." "మా వీధి మంచిది." "మా ఆవిడను అడిగి చెబుతాను." ఒక దంతవైద్యుడు "నొప్పి నాకు కొత్త కాదు" అని రాశాడు. ఆమెను వీధిలో చూస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరూ కలిసి పెట్టిన పేరే మూడో పేజీ అక్కయ్య. ఆమెకు ఆ పేరు నచ్చింది. బోర్డు మీద రాయిద్దామనుకుంది గానీ చోటు చాలలేదు.

ఇక తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళుగా డ్రైవింగు నేర్పుతున్నాడు. అతని కారులో అతను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే అతను ఇటునుంచి నొక్కి ఆపుతాడు. ఆ రెండో బ్రేకు మీద ఉండే అతని కాలే ఈ ఊళ్ళో మూడొంతులమందిని క్షేమంగా ఇంటికి చేర్చిందని అతని నమ్మకం. నమ్మకం ఏమిటి, నిజమే. అతని సొంత పేరు మీద ఇంతవరకు ఒక్క గీత లేదు. కారుకున్న గీతలన్నీ శిష్యులవి.

అందుకని ప్రతి ఏడూ అక్క కాగితం తిప్పి కలం ఇస్తే అతను అదే రాసేవాడు. "వద్దు. నేను జాగ్రత్తగా నడుపుతాను."

ప్రతి ఏడూ ఆమె అది చదివి అదే మాట అనేది. "నువ్వు నడుపుతావురా నాన్నా. ఎవరు కాదన్నారు? ఈ పేజీ నీ గురించి కాదు."

"నా గురించి కానప్పుడు నేనెందుకు పుచ్చుకోవాలి?"

ఇలా పదిహేను పేజీలు పోగయ్యాయి. పదహారోది నింపాల్సిన వారంలోనే అక్కయ్య బోర్డును గుద్దింది.

తమ్ముడు మరునాడే బోర్డు చూడడానికి వచ్చాడు. నాలుగు వైపులనుంచీ చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గొట్టం వంపును పరిశీలించాడు. లోపల కుర్చీలో కూర్చుని గంభీరంగా అన్నాడు.

"అక్కా, నువ్వు మళ్ళీ నేర్చుకోవాలి. రివర్సు. ఎనిమిది పాఠాలు."

"యాభై రెండేళ్ళ వయసులో నీ కారు మీద ఆ పెద్ద బోర్డు పెట్టుకుని నన్ను వీధుల్లో తిప్పుతావా?"

"బోర్డులంటే నీకు పడదని తెలుసు. అయినా తప్పదు."

 అక్కయ్య సొరుగు లాగి దరఖాస్తు తీసి, మూడో పేజీ తిప్పి, దాని మీద కలం పెట్టి అతని ముందుకు జరిపింది.

"సరే, నేర్చుకుంటాను. నువ్వు 'కావాలి' అని రాయి."

ఎనిమిది పాఠాలపాటు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, వీధి వీధంతా చూస్తుండగా, "అద్దం చూడు, అక్కా! అద్దం!" అని కేకలెయ్యడం. ఆ సుఖం ముందు అతనికి మరేమీ కనబడలేదు. రాశాడు. ఓడిపోలేదని చూపించుకోవడానికి కింద ఇంకో రెండు ముక్కలు కూడా తగిలించాడు. అక్కయ్య చదివి, పెదవి విరిచి, ఆ మధ్యాహ్నమే బ్రాంచిలో ఇచ్చి గుండ్రటి ముద్ర వేయించుకుంది. బోర్డు ప్రమాదం మీద తను రాసుకున్న నివేదికనూ అప్పుడే ఇచ్చింది. క్లెయిము అడగలేదు. జనాన్ని దాచకుండా చెప్పమనే మనిషి తను దాచకూడదని.

"మీ అక్కయ్య కావాలనే గుద్దిందేమో," అంది ఇంట్లో అతని భార్య.

"కావాలని ఎవరూ అంత వంకరగా గుద్దలేరు," అన్నాడతను వృత్తి గౌరవంతో.

పాఠాలు మొదలయ్యాయి. మొదటి పాఠంలో చెత్తకుండీ బతికిపోయింది. మూడో పాఠానికి అక్కయ్య అద్దం చూడడం నేర్చుకుంది గానీ, చూసి అందులో జుట్టు సర్దుకునేది. ఎనిమిదో పాఠం నాటికి తమ్ముడి గొంతు బొంగురుపోయింది.

ముద్ర పడిన పంతొమ్మిదో రోజు పొద్దున, తమ్ముడి కారు పెద్ద కూడలిలో ఎర్రలైటు దగ్గర ఆగి ఉంది. స్టీరింగు ముందున్నది రిటైరైన లెక్కల టీచరమ్మ. అరవై దాటాక డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చింది. కారు సరిగ్గా గీత వెనక ఆపింది. గీత మీద కాదు, వెనక. తమ్ముడు మెచ్చుకోబోతూ నోరు తెరిచాడు.

అంతలో అడ్డరోడ్డులోనుంచి ఒక పాత కారు మలుపు తిరిగింది. దాని నెత్తిన ఒక పెద్ద సోఫాకుర్చీ తాడుతో కట్టి ఉంది. తాడు జారింది. కుర్చీ మెల్లగా ముందుకు జరిగి, ఎవరో కూర్చోమన్నట్టు, ముందు అద్దం మీదికి వచ్చి కూర్చుంది. దారి కనబడక ఆ కారు నేరుగా వచ్చి తమ్ముడు కూర్చున్న వైపు గుద్దుకుంది. అతని మోకాలు రెండో బ్రేకు కడ్డీకి కొట్టుకుంది.

టీచరమ్మకు దెబ్బ తగల్లేదు. తమ్ముడు తనకూ తగల్లేదనే అనుకున్నాడు. మోకాలు మొద్దుబారి ఉంది, నొప్పి ఇంకా దారిలో ఉంది. అతనికి తెలుస్తున్నది ఒక్కటే. "సురక్షిత డ్రైవింగు స్కూలు" అని పెద్దక్షరాలున్న కారు నడికూడలిలో సొట్టపోయి నిలబడింది, నలువైపులా జనం కిటికీల్లోంచి మెడలు చాపి చూస్తున్నారు.

పాత కారులోనుంచి దిగినవాడు కుర్చీలకూ సోఫాలకూ గుడ్డలు మార్చే పనివాడు. వస్తూనే రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. బీమా నాలుగు నెలల కిందటే అయిపోయిందయ్యా. కడదాం కడదాం అనుకుంటూనే ఉన్నాను. పోలీసులదాకా పోతే బండి తీసేసుకుంటారు, నా పని ఆగిపోతుంది. మీ సీట్లన్నీ ఉత్తినే కొత్తగా కుట్టిపెడతాను. మనలో మనం సరిపెట్టుకుందాం." అంటూ జేబులోంచి ఒక రసీదు తీసి, దాని వెనకవైపు గబగబా రాశాడు. ఇద్దరం రాజీ పడ్డాం, ఒకరికొకరం ఇకమీద ఏమీ అడగం.

తమ్ముడికి జాలి వేసింది. అంతకుమించి సిగ్గు వేసింది. ఎంత తొందరగా సంతకం పడితే అంత తొందరగా ఆ మెడలన్నీ లోపలికి పోతాయి. కలం అందుకున్నాడు.

ఈలోగా టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకోవడానికి గుడ్డ కోసం చెయ్యి చాపి తమ్ముడి ముందున్న అర తెరిచింది. మూత లోపల కాగితం కనబడింది. కనబడినదాన్ని చదవకుండా వదిలే అలవాటు ఆవిడకు లేదు. మనసులో చదువుకునే అలవాటూ లేదు.

"మూడోది. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి," అని వెనక బెంచీకి వినబడేటట్టు చదివింది.

"అది మా అక్క రాసింది లెండి, మేడమ్."

"ఎవరు రాస్తే ఏం? ప్రశ్న స్పష్టంగా ఉంది, జవాబు స్పష్టంగా ఉంది. మాస్టారూ, కలం కింద పెట్టండి."

ముప్పై అయిదేళ్ళు పిల్లల చేత కలాలు కింద పెట్టించిన గొంతు అది. తమ్ముడు పెట్టేశాడు. సోఫాలవాడు కూడా తన కలం జేబులో పెట్టుకున్నాడు.

ఫోటోలు తీసిందీ, నంబరు రాసిందీ, అక్కయ్యకు ఫోను చేసిందీ టీచరమ్మే. అప్పటికి నొప్పి వచ్చి చేరింది. తమ్ముడు సీట్లోనే పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

పదినిమిషాల్లో అక్కయ్య వచ్చింది. కూడలి పక్కన రెండు లారీల మధ్య ఒక్క కారుకు సరిపడా చోటుంది. ఆమె కొంచెం ముందుకు పోయి, ఆగి, అద్దం చూసి, జుట్టు ముట్టుకోకుండా, ఒక్క ఊపులో రివర్సు చేసి, రెండు లారీలకూ జానెడు జానెడు వదిలి కారును అందులో పెట్టేసింది. అంత నొప్పిలోనూ తమ్ముడి మెడ నిటారుగా నిలబడింది.

"చూశారా మేడమ్," అన్నాడు పళ్ళ మధ్యనుంచి, "నా శిష్యురాలు."

మోకాలిచిప్ప మూడు ముక్కలైందని ఆస్పత్రిలో చెప్పారు. ఆపరేషను చేసి తీగలు వేసి కట్టాలి, తరవాత ఆరునెలలు వ్యాయామం చేయించాలి. అదంతా సరిగ్గా జరిగితే కాలు మునుపటిలా వంగుతుంది. ఏదో ఒక కట్టు కట్టి వదిలేస్తే నడవగలడు గానీ, బ్రేకు టక్కున నొక్కే బలం రాదు. ఆ మాట విన్నాక తమ్ముడికి ఒకటే ఆలోచన. బ్రేకు నొక్కలేని డ్రైవింగు మాస్టారు ఎవరికి కావాలి? తెల్లవారి లేస్తే ఎవరి పక్కన కూర్చోవాలి? సోఫాలవాడి దగ్గర ఒక కారూ, ఒక కుర్చీ తప్ప మరేమీ లేవు. మిగిలింది మూడో పేజీ ఒక్కటే.

అక్కయ్య ఆ సాయంత్రం సోఫాలవాడి కొట్టుకు వెళ్ళింది. తిట్టడానికి వచ్చిందనుకుని అతను కుర్చీ వెనక్కి నక్కాడు. ఆమె అదే కుర్చీలో కూర్చుని, "బాబూ, నీకు బీమా లేదని రుజువు కాకపోతే మా వాడికి చిల్లుకాణీ రాదు. నువ్వు దాక్కుంటే వాడి కాలు పోతుంది. పోలీసు స్టేషనుకు నాతో రా, నేను పక్కనే ఉంటాను," అంది. అతను కత్తెర కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమె వెంట నడిచాడు. జరిగినది జరిగినట్టు చెప్పి, జరిమానా వాయిదాల మీద కట్టుకోవడానికి ఒప్పించుకుని, బీమా లేదన్న కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

అయినా క్లెయిము ఆగింది. పెద్దాఫీసునుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. నున్నగా తల దువ్వుకున్న మనిషి, మాట మెత్తన, చూపు సూది. బ్రాంచిలో బల్లకు అటు ఆయన, ఇటు అక్కయ్య, పక్కన కాలు చాపుకుని చంకకర్రలతో తమ్ముడు, అతని వెనక భార్య.

"అమ్మా, తప్పుగా అనుకోకండి," అన్నాడు పరిశీలకుడు. "పదిహేనేళ్ళు వద్దన్న మనిషి పదహారో ఏట కావాలన్నాడు. పంతొమ్మిది రోజులకు ప్రమాదం. గుద్దినవాడికి బీమా లేదు. పాలసీ చేయించినది సొంత అక్కగారు. మీరు నా కుర్చీలో ఉంటే ఏమనుకుంటారు?"

"మీరనుకున్నదే అనుకుంటాను. ముందే మాట్లాడుకుని గుద్దించుకున్నారనుకుంటాను," అంది అక్కయ్య తడుముకోకుండా. "అందుకే కాగితాలు తెచ్చాను."

తమ్ముడికి ఆమె సంచీలో ఏముందో తెలుసు. పొద్దుటే గొడవపడ్డాడు. "బోర్డు సంగతి తియ్యకు అక్కా. పెద్దాఫీసుదాకా వెళితే అందరూ నవ్వుతారు. ప్రమాదాల గురించి ఊరికి పాఠాలు చెప్పే మనిషివి. నీ పేరు పోతుంది." ఆమె చెప్పులు వేసుకుంటూ, "పోనీరా, నా పేరు నడుస్తుందా, మోకాలు కావాలా దానికి?" అంది.

ఇప్పుడామె పదిహేను మూడో పేజీలు వరసగా బల్ల మీద పరిచింది. పరిశీలకుడు ఒక్కొక్కటే చదివాడు. వద్దు, నేను జాగ్రత్తగా నడుపుతాను. వద్దు, నేను జాగ్రత్తగా నడుపుతాను. ఏడో ఏడు మాత్రం "చాలా" అని చేర్చి ఉంది.

"ఇదిగో పదహారోది. మీ బ్రాంచి ముద్ర ఉంది."

ఆయన పైకే చదివాడు. "కావాలి. మా అక్క ఎనిమిది రివర్సు పాఠాలు నేర్చుకుంటానని ఒప్పుకున్నది గనక. ఈ పేజీ నాకెప్పుడూ అవసరం పడదని ఇప్పటికీ నా దృఢమైన అభిప్రాయం."

ఆయన తల ఎత్తాడు. "రివర్సు పాఠాలెందుకు?"

అక్కయ్య ఆఖరి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. వీపు నిటారుగా పెట్టి, పద్యాల పోటీలో బహుమతి వచ్చిన పిల్ల చెప్పినట్టు చెప్పింది. "నేను మా బోర్డును గుద్దానండీ. పొడి రోడ్డు మీద. మంచి వెలుతురులో. నివేదిక ఇచ్చాను, దీని మీదా మీ ముద్ర ఉంది. ఫోటోలు అయిదు."

పరిశీలకుడు ఫోటోలు చూశాడు. బాణం కళ్ళజోళ్ళ దుకాణం వైపు తిరిగిన ఫోటో దగ్గర ఆయన మీసం కదిలింది. మీసాన్ని చేత్తో మూసుకున్నాడు. గదిలో ఫైళ్ళు సర్దుతున్నవాళ్ళందరూ పని ఆపి ఇటే చూస్తున్నారు. తమ్ముడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క మొహం చూశాడు. ఆ మొహంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. పదకొండేళ్ళు ఇదే ఆఫీసులో కిటికీ లేని గదిలో తల వంచుకుని ఆ ఒక్క వాక్యం కొట్టిన మనిషి, ఇప్పుడు ఆ వాక్యం తన తమ్ముడికి రాకుండా తన నవ్వులాటను తనే బల్ల మీద పెట్టి తలెత్తుకుని నిలబడింది. తమ్ముడి తల కూడా నెమ్మదిగా లేచింది.

"గుద్దినవాడితో ఏదైనా రాజీ కాగితం రాసుకున్నారా?" అన్నాడు పరిశీలకుడు. "అలాంటి దాని మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం మేం చేయగలిగింది లేదు. అతని మీద మీ హక్కు వదులుకుంటే మాకూ అతన్ని అడిగే దారి పోతుంది."

తమ్ముడే జవాబు చెప్పాడు. "పెట్టబోయానండీ. లెక్కల టీచరమ్మ పెట్టనివ్వలేదు. మా అక్క రాసిన కాగితం చదివి వినిపించింది."

పరిశీలకుడు పదహారో పేజీని మరొకసారి చదివి, కలం మూత తీశాడు.

"గుద్దించుకుందామనుకున్నవాడు ఈ ఆఖరి వాక్యం రాయడు," అన్నాడు. "రాసినా, దృఢమైన అని రాయడు." మంజూరు అని రాసి సంతకం పెట్టాడు. లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, నా కారు పాలసీ గడువు వచ్చేనెల తీరిపోతుంది. నా మూడో పేజీ నింపానో లేదో నాకే గుర్తు లేదు," అన్నాడు.

"వద్దంటే కారణం రాయాల్సి ఉంటుందండీ," అంది అక్కయ్య.

తమ్ముడు చంకకర్రల మీద బయటికి వస్తూ, ఎదురైన ప్రతివాడికీ అడగకుండానే చెప్పాడు. మెట్ల దగ్గర చెప్పాడు, నీళ్ళ కూజా దగ్గర చెప్పాడు, ఆటో ఎక్కుతూ ఆటో నడిపేవాడికి చెప్పాడు. "మా అక్క. మూడో పేజీ అక్కయ్య. నేనే నేర్పాను డ్రైవింగు."

"ఎవరికీ చెప్పొద్దన్నారుగా మీరే," అంది భార్య.

"అది అప్పటి సంగతి."

ఆపరేషను అయింది. వ్యాయామం చేయించే అమ్మాయి మోకాలు వంచినప్పుడల్లా అతను తన శిష్యులు తనను తిట్టుకునే తిట్లన్నీ తిట్టుకున్నాడు. ఏడో నెలలో మళ్ళీ తన వైపు సీట్లో కూర్చున్నాడు. మొదటిరోజు పక్కన టీచరమ్మే. ఆవిడ ఆరు నెలలూ మరో స్కూలుకు పోకుండా కాచుకుని కూర్చుంది. ఖాళీ మైదానంలో ఆవిడను వేగంగా పోనిమ్మని, రెండో బ్రేకు నొక్కాడు. కారు టక్కున ఆగింది. టీచరమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"నూటికి నూరు," అందావిడ.

సీట్లకు కొత్త గుడ్డలు వచ్చాయి. ఎవరూ అడగకపోయినా సోఫాలవాడు వచ్చి కుట్టి వెళ్ళాడు. అతనిప్పుడు అక్కయ్య దగ్గరే బీమా చేయించుకున్నాడు. మూడో పేజీ తిప్పి కలం ఇస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా రాశాడు. "కావాలి. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు." అక్కయ్య ఆ పేజీ నకలు తీసి గోడకు తగిలించింది. బోర్డు గొట్టాన్ని మాత్రం సరిచేయించలేదు. వంకరగానే ఉంచి, బాణం ఒక్కటీ తన గుమ్మం వైపు తిరిగేటట్టు మళ్ళీ రాయించింది. ఆ బోర్డెందుకలా ఉందని అడగడానికి లోపలికి వచ్చినవాళ్ళు మూడో పేజీ రాయకుండా బయటికి పోవడం తక్కువ.

తమ్ముడి కారు అరమూతకు లోపల కాకుండా బయటివైపే ఆమె కొత్త కాగితం అంటించింది. అవే నాలుగు మాటలు, కాకపోతే అక్షరాలు ఈసారి బొటనవేలంత. మూడోది ఎర్రసిరాతో. వారం తిరక్కుండా తమ్ముడు ఆమె ఆఫీసుకు వచ్చాడు. కర్ర లేకుండా, కొంచెం విసవిసా నడుస్తూ.

"అక్కా, ఆ అక్షరాలు మరీ అంతంత రాశావేమిటి? నేర్చుకునేవాళ్ళు రోడ్డు మానేసి దాన్నే చూస్తున్నారు. నా మాట ఒక్కడూ వినడం లేదు."

అక్కయ్య దరఖాస్తుల మీదనుంచి తల ఎత్తలేదు.

"చూడనీరా, పదహారేళ్ళు చిన్నక్షరాలతో రాస్తే నువ్వు చదివావా?"